అమ్మ కూలికెళ్లే వేళకు పిల్లల బడి తలుపు తీయాలి

సత్తెనపల్లి: పల్నాటి పల్లెల్లో మిరప కోతలు మొదలయ్యాయంటే తెల్లవారక ముందే పొయ్యిలు అంటుకుంటాయి. అన్నం, పచ్చడి టిఫిన్ డబ్బాలకెత్తి, నీళ్ల సీసాలు నింపుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని ఆడకూలీలు రోడ్డెక్కుతారు. ఏడు గంటలయ్యేసరికి మేస్త్రి కేకతో ముఠాలు ఆటోల్లో, ట్రాక్టర్లలో ఊరు దాటిపోతాయి. అదే ఊళ్లో అంగన్‌వాడీ తలుపు తెరుచుకునేది తొమ్మిది గంటలకు. సాయంత్రం ముఠా తిరిగి వచ్చేసరికి ఆ తలుపుకు తాళం పడి వుంటుంది.

పొద్దున ఆ రెండు గంటలు, సాయంత్రం ఆ కాసేపు పిల్లవాడు ఎవరి చేతిలో వుండాలి? మూడేళ్లు కూడా నిండని బిడ్డ అయితే రోజంతా ఎవరి చేతిలో వుండాలి? అంగన్‌వాడీ పథకం పుట్టి 2025 అక్టోబరు 2 నాటికి 50 ఏళ్లు నిండాయి. ఈ ప్రశ్నకు మాత్రం సరైన జవాబు నేటికీ పల్లెకు అందలేదు.

గుడ్లు వస్తున్నాయా, పాలు వస్తున్నాయా, బాలామృతం పొట్లాలు అందాయా అని అడిగేవారు ఊరూరా వున్నారు. అడగవలసినదే. కానీ పిల్లలను చూసుకునే చెయ్యి ఏదీ అని అడిగేవారు తక్కువ. తిండి ఎంత ముఖ్యమో, ఆ తిండిని వేళకు కలిపి, ఊది, నోటికందించే మనిషి కూడా అంతే ముఖ్యం. పొట్లం ఇంటికి చేరినా, ఇంట్లో పెట్టేవారు లేకపోతే బిడ్డ కడుపు నిండదు.

తల్లి ముందున్న నాలుగు దారులు

కూలికి పోయే తల్లికి నేడు నాలుగు దారులున్నాయి. నాలుగూ ముళ్లదారులే.

మొదటిది, ఇంట్లో ముసలమ్మకు అప్పగించడం. నాయనమ్మో అమ్మమ్మో వున్న ఇల్లు అదృష్టవంతుల ఇల్లే. కానీ చూపు ఆనని మనిషి, మోకాళ్లు పట్టేసిన మనిషి, నడక వచ్చిన పిల్లవాడి వెంట పరుగెత్తగలదా? పైగా కూలి ఇళ్లల్లో నాయనమ్మ కూడా చాలాచోట్ల కూలికే పోతుంది. యాభై ఏళ్ల మనిషికి ఇంట్లో కూర్చునే యోగం ఎక్కడిది?

రెండవది, ఇంట్లో పెద్దపిల్లను బడి మాన్పించడం. ఎనిమిదేళ్ల అక్క చంకన ఏడాది తమ్ముడు కనిపించని పల్లె లేదు. కోతల నాళ్లలో హాజరుపట్టీ తిరగేస్తే, వరుసగా గైరుహాజరైన పేర్లలో ఆడపిల్లల పేర్లే ఎందుకుంటాయో ఏ పంతులుగారిని అడిగినా చెబుతారు. తమ్ముణ్ణి బతికించడానికి అక్క చదువును బలిపెడుతున్నామన్న మాట. రెండు నెలలు బడికి పోని పిల్ల తిరిగి వచ్చి కూర్చుంటే పాఠం అర్థం కాదు. అర్థం కాని పాఠం దగ్గర ఎవరు మాత్రం ఎన్నాళ్లు కూర్చుంటారు? ఆ తరవాత పెళ్లి మాట వస్తుంది.

మూడవది, చేలోకి వెంట తీసుకుపోవడం. గట్టు మీద తుమ్మచెట్టుకో వేపచెట్టుకో చీర ఉయ్యాల కడతారు. ఎండ తిరిగితే ఉయ్యాల తిరగదు. ఆ గట్టు మీదే పురుగు మందు డబ్బాలు పడి వుంటాయి; మందు కలిపిన డ్రమ్ము వుంటుంది; పాకే బిడ్డకు ఏది బొమ్మో ఏది విషమో తెలియదు. పైగా మిరపకాయ కోసిన చెయ్యి ఎన్నిసార్లు కడిగినా మంట పోదు. ఆ చేత్తో బిడ్డ కన్ను తుడవడానికి భయం, ముద్ద కలిపి పెట్టడానికి భయం, పాలిచ్చేటప్పుడు తాకడానికి భయం. బిడ్డ ఏడుస్తుంటే దగ్గరకు తీసుకోలేని తల్లి బాధ కోసేవారికే తెలుస్తుంది.

నాల్గవది, పని మానుకోవడం. బిడ్డ నడిచి, మాట నేర్చి, బడికి పోయేదాకా రెండేళ్లు మూడేళ్లు తల్లి ఇంటిపట్టున వుండిపోతుంది. ఒక్కరి కూలితో ఇల్లు గడవక అప్పు పుడుతుంది. బిడ్డకు పాలు కొనవలసిన వేళలోనే ఇంటి రాబడి సగానికి పడుతుంది. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే.

నాలుగు దారుల్లో తల్లి దేనిని పట్టినా తప్పు ఆమెది కాదు. అయిదవ దారి వేయని వారిది.

అంగన్‌వాడీ అనే మాట ఎక్కడిది

పిల్లల కోసం బడిని పిల్లల దగ్గరకే తీసుకుపోవాలన్న ఆలోచన కొత్తది కాదు. గుజరాతులోని భావనగర్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరం పెట్టారు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్ తరువాత మహారాష్ట్ర పల్లెలకు వెళ్లి 1945లో బోర్డీ గ్రామంలో పని మొదలుపెట్టారు. కూలి జనం పిల్లలు బడికి రారని గ్రహించి, వారి వాకిళ్లలోనే, అంటే ముంగిళ్లలోనే, ఆటపాటలతో బడి నడిపారు. అంగన్ అంటే ముంగిలి. ముంగిట్లో నడిచే బడి గనుక అది అంగన్‌వాడీ అయింది.

ఈ పనిలో తెలుగువారి పాలు కూడా తక్కువేమీ కాదు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు. ఆ మండలి పల్లెల్లో చేపట్టిన సంక్షేమ పథకాల్లో బాలవాడి ఒక ముఖ్య భాగం. నేటికీ మన ముసలివాళ్లు అంగన్‌వాడీని బాలవాడి అనే పిలవడం వెనక ఆ చరిత్ర వుంది.

1969లో ఢిల్లీలో గాంధీజీ శతజయంతి ప్రదర్శన కోసం రాజఘాట్ వద్ద కట్టడాలు సాగుతున్నప్పుడు, కూలి తల్లుల పిల్లలు దుమ్ములో, ఇసుక గుట్టల మీద పడి వుండడం మీరా మహదేవన్ అనే ఆమె చూశారు. అక్కడే ఒక గుడారం వేసి పిల్లలను చూసుకునే ఏర్పాటు చేశారు. మొబైల్ క్రెషెస్ అనే సంస్థ అలా పుట్టింది. పనిచేసే చోటికే పిల్లల ఇల్లు వెళ్లాలన్నది ఆమె నేర్పిన పాఠం.

1974లో కేంద్రం బాలల జాతీయ విధానం ప్రకటించింది. మరుసటి ఏడు 1975 అక్టోబరు 2న దేశం మొత్తం మీద 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలయింది. అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య బోధ, బడికి ముందు చదువు - ఈ ఆరూ ఆ పథకం చేపట్టిన సేవలు. 33తో మొదలయినది నేడు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 55 వేలకు పైగా కేంద్రాలయింది. తెలంగాణలో 35 వేలకు పైగా వున్నాయి. ఇంత పెద్ద ఏర్పాటు ఊరూరా వేళ్లూనుకుని వుండడం మామూలు సంగతి కాదు. దాన్ని నిలబెట్టిన ఘనత టీచర్లది, ఆయాలది.

అయితే ఆ ఆరు సేవల్లో ఒకటి లేదు. తల్లి పనికి పోయినంతసేపూ బిడ్డను చూసుకోవడం అన్నది మొదటి నుంచీ ఆ పట్టికలోకి ఎక్కలేదు. అసలు లోపం అక్కడ వుంది.

మూడేళ్లలోపు బిడ్డ సంగతేమిటి?

అంగన్‌వాడీలో కూర్చునేది మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు. వారికి అక్కడే వేడి అన్నం పెడతారు. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా వున్న బిడ్డలకు సరుకు ఇంటికి ఇచ్చి పంపుతారు. 2013 నాటి ఆహార భద్రతా చట్టం కూడా ఈ విభజననే రాసింది: చిన్నవారికి ఇంటికి తీసుకుపోయే సరుకు, పెద్దవారికి పొద్దుటి చిరుతిండి, వేడి భోజనం.

ఇల్లు కదలని తల్లికి ఈ పద్ధతి సరిపోతుంది. కూలికి పోయే తల్లికి సరిపోదు. బిడ్డ కృశించిపోయేది ఎక్కువగా ఆరు నెలల నుంచి రెండేళ్ల మధ్యనే. తల్లిపాలు చాలక, పై తిండి అలవాటు కావలసిన కాలం అది. రోజుకు నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా తినిపించాలి. పొద్దున ఏడింటికి ఒకసారి, రాత్రి ఏడింటికి ఒకసారి తినే బిడ్డ బరువు ఎలా పెరుగుతుంది? తూకం వేసి ఎర్రగీత కింద పడ్డాడని రాసుకుంటే బిడ్డ బలపడతాడా?

2020 జాతీయ విద్యా విధానం ఒక మాట రాసింది. మనిషి మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని. ఎదుగుదల అంటే తిండి ఒక్కటే కాదు. బిడ్డతో మాట్లాడాలి, పాట పాడాలి, చేతికి గిలక్కాయ ఇవ్వాలి, పడితే లేపాలి, ఏడిస్తే ఎత్తుకోవాలి. మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దలు వూరికే అనలేదు. ఆ మొక్కకు నీళ్లు పోయవలసిన ఏళ్లలో మనం దాన్ని గట్టు మీద వదిలి పోతున్నాం.

చట్టాలు ఏమంటున్నాయి

పనిచేసే తల్లి బిడ్డకు నీడ కావాలన్న సంగతి మన చట్టాలకు తెలియక కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే ఆడకూలీలు ఒక సంఖ్య దాటిన ఫ్యాక్టరీలో పిల్లల గది వుండాలని రాసింది. మొదట 50 మంది దాటితే అన్నారు. 1976 సవరణతో దాన్ని 30కి తగ్గించారు. 1951 నాటి తోటకూలీల చట్టం తేయాకు, కాఫీ తోటలకూ ఇదే మాట చెప్పింది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, 50 మంది, అంతకు పైగా పనిచేసే సంస్థలన్నీ పిల్లల సంరక్షణ కేంద్రం పెట్టాలన్నారు. ఉద్యోగినికి 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చారు.

మరి మిరప చేనుకు గేటు లేదు, హాజరుపట్టీ లేదు. ఇవాళ ఒక రైతు చేలో, రేపు మరొక రైతు చేలో. అందుచేత ఈ చట్టాలేవీ మన ఆడకూలీ గడప తొక్కలేదు. ఆఫీసులో తల్లికి 26 వారాల సెలవు. పొలంలో తల్లికి మొదటి కాన్పుకు 2017 నాటి కేంద్ర పథకం కింద 5,000 రూపాయలు. ఇద్దరూ కన్నది బిడ్డలనే గదా!

పల్లె కూలికి దగ్గరగా వచ్చిన నిబంధన 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో రాశారు. పనిచోటకు ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు, అంతకు మించి వస్తే, వారిని చూసుకోవడానికి ఒక స్త్రీని ప్రత్యేకంగా పెట్టాలి. ఆమెకూ కూలి ఇవ్వాలి. మంచి నిబంధన. అయితే చెరువు పూడిక తీసేచోట నీడకు పరదా, తాగడానికి నీళ్లు పెట్టిన చోట్ల కూడా, పిల్లలను చూసుకునే మనిషి కనిపించడం అరుదు. అడిగితే పిల్లలను తీసుకురావడం లేదంటారు. చూసే మనిషి లేనిచోటికి పిల్లలను ఎవరు తీసుకువస్తారు?

పూర్తిగా పిల్లల సంరక్షణ కోసమే కేంద్ర ప్రభుత్వం నడిపిన పథకం 2006లో వచ్చింది. దాని నిబంధనల ప్రకారం కేంద్రం నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు తెరిచి వుండాలి. తల్లుల పనివేళలను బట్టి వేళలు మార్చుకునే వెసులుబాటు కూడా ఇచ్చారు. ఆరు నెలల బిడ్డ నుంచి ఆరేళ్ల పిల్లవాడి వరకు చేర్చుకోవాలి. 2022లో దానికి పాల్నా అని పేరు మార్చి, అంగన్‌వాడీలోనే సంరక్షణ కేంద్రాన్ని కలిపి నడిపే ఏర్పాటు తెచ్చారు. అంటే దారి కాగితం మీద వేసే వుంది. ఆ దారి మన ఊరి దాకా రావాలన్నదే ఇప్పుడు అడగవలసిన సంగతి.

పక్క రాష్ట్రం కర్ణాటక 2023-24 బడ్జెట్‌లో 4,000 గ్రామ పంచాయతీల్లో కూసిన మనె పేరుతో పసిబిడ్డల ఇళ్లు పెడతామని ప్రకటించి మొదలుపెట్టింది. కూసు అంటే వాళ్ల భాషలో పసిబిడ్డ. మూడేళ్లలోపు బిడ్డలను, తర్ఫీదు పొందిన ఆ ఊరి ఉపాధి కూలీ స్త్రీలే చూసుకునే ఏర్పాటు అది. కర్నూలు, అనంతపురం సరిహద్దు దాటితే కనిపించే పద్ధతి మనకు మాత్రం ఎందుకు సాధ్యం కాదు?

నీటి గండం

కాలువల జిల్లాలో చెప్పుకోవలసిన మాట మరొకటి వుంది. కుడి కాలువ, దాని మేజర్లు, మైనర్లు, పంట కుంటలు, ఇంటి ముందు నీటి తొట్లు - పల్లె నిండా నీళ్లే. నడక వచ్చిన బిడ్డకు నీళ్లంటే ఆట. మోకాలి లోతు నీళ్లు కూడా వాడికి చాలు.

ఎక్కడ చూసినా నీళ్లే వున్న బంగ్లాదేశ్‌లో ఈ సంగతి మీద ఏళ్ల తరబడి పని జరిగింది. చిన్నపిల్లలు నీళ్లలో పడి చనిపోయేది ఎక్కువగా ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటి గంట లోపు అని తేలింది. తల్లి ఇంటి పనిలో, తండ్రి బయట పనిలో, పెద్దపిల్లలు బడిలో వుండే వేళ అది. అందుకు వాళ్లు కనిపెట్టిన మందు ఖరీదైనది కాదు. ఊళ్లోనే ఒక ఇంట్లో, నమ్మకమైన ఒక స్త్రీ చేతిలో, ఆ వేళకు పిల్లలను కూర్చోబెట్టడం. ఆ పద్ధతి ప్రాణాలు నిలుపుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఒప్పుకుని, బీద దేశాల పల్లెలన్నింటికీ అదే సలహా ఇచ్చింది. 2022లో బంగ్లాదేశ్ ప్రభుత్వం 16 జిల్లాల్లో 8,000 కేంద్రాలకు పథకం మంజూరు చేసింది.

కాలువకు కంచె వేయమని అర్జీలు పెట్టుకుంటాం. వేయవలసిందే. కానీ ఊరి కాలువలన్నింటికీ కంచె వేసే రోజు ఎప్పుడు వస్తుందో ఎవరికి తెలుసు? పిల్లల చుట్టూ మనిషి కంచె వేయడం మాత్రం రేపటి నుంచే కుదిరే పని.

లెక్క వేసి చూడండి

డబ్బు ఎక్కడిదని అధికారులు అడుగుతారు. న్యాయమే. లెక్క వేద్దాం.

ఒక ఊళ్లో పసిబిడ్డలున్న కూలి తల్లులు 15 మంది అనుకోండి. కోతల కాలం 60 రోజులు అనుకోండి. రోజు కూలి 400 రూపాయలు అనుకోండి. ఊరిని బట్టి ఎక్కువ తక్కువలు వుంటాయి గనుక ఎవరి ఊరి రేటు వారు వేసుకోవచ్చు. బిడ్డను చూసేవారు లేక ఆ 15 మందీ ఇంట్లో వుండిపోతే పోయేది 900 పనిదినాలు, 3,60,000 రూపాయలు. అందరూ మానరు, కొందరికి ఇంట్లో దిక్కు వుంటుంది అంటారా? సగమే పోయిందనుకోండి. 1,80,000 రూపాయలు.

ఇప్పుడు ఇద్దరు స్త్రీలను అదే కూలికి 60 రోజులు పిల్లల దగ్గర వుంచితే అయ్యేది 48,000 రూపాయలు. పిల్లల తిండి ఎటూ అంగన్‌వాడీ నుంచే వస్తుంది. పాలు, గ్యాసు, చాపలు, పరదాలు కలిపి ఇంకొంత వేసుకున్నా, ఊరికి మిగిలేదే ఎక్కువ. పైగా కోతకు మనుషులు దొరకక కాయ చెట్టు మీదే ఎండిపోతోందని వాపోయే రైతుకూ ఇందులో లాభం వుంది. పిల్లల ఇల్లు కూలి జనానికి ఇచ్చే దానం కాదు. రోడ్డు, కాలువ, కరెంటు లాగే అది వ్యవసాయానికి కావలసిన సదుపాయం.

బడి మానని ఆడపిల్ల చదువుకు, నీళ్లలో పడని బిడ్డ ప్రాణానికి రూపాయల్లో లెక్క లేదు. అవి ఈ కూడికలో వేయలేదు.

టీచరమ్మ నెత్తిన మరో మూట వద్దు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా అంగన్‌వాడీ తెరవండి అని ఒక ఉత్తర్వు జారీ చేసి చేతులు దులుపుకుంటే అది మేలు కాదు, కీడు. ఇప్పటికే టీచరు తూకాలు వేయాలి, రిజిస్టర్లు రాయాలి, ఫోనులో వివరాలు ఎక్కించాలి, సర్వేలకు తిరగాలి, ఓటర్ల జాబితా పని చేయాలి. ఆయా వంట చేయాలి, గిన్నెలు తోమాలి, పిల్లలను పిలుచుకు రావాలి. పదకొండు గంటలు అదే ఇద్దరి చేత చేయించడం అన్యాయం.

వారికిచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం అంటారు. 2018 అక్టోబరు నుంచి కేంద్రం తన వంతుగా టీచరుకు 4,500, ఆయాకు 2,250 రూపాయలకు పెంచింది. ఆ పైన రాష్ట్రాలు కలుపుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజుల పాటు టీచర్లు, ఆయాలు సమ్మె చేశారు. వేతనం పెంచమని, గ్రాట్యుటీ ఇమ్మని అడిగారు. గ్రాట్యుటీ వారికి వర్తిస్తుందని అంతకు ముందే 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు ఒక కేసులో తీర్పు చెప్పి వుంది. పిల్లలకు మనుగడ ఇచ్చే చేతులకే మనుగడ లేకపోతే ఎలా?

అందుచేత వేళలు పెంచాలంటే మనుషులను పెంచాలి. పొద్దుటి వేళకు, సాయంత్రం వేళకు, పసిబిడ్డలకు వేరేగా మనిషి వుండాలి. వారికి తర్ఫీదు ఇవ్వాలి. నెల నెలా డబ్బు చేతిలో పడాలి. ఒక్క మనిషికి 30 మంది పాకే పిల్లలను అప్పగిస్తే అది సంరక్షణ కాదు, బందెలదొడ్డి. చెడ్డ కేంద్రం కంటే ముసలమ్మ ఒడే నయమని తల్లులు అనుకుంటే తప్పు తల్లులది కాదు.

కొందరి అభ్యంతరాలు

బిడ్డను తల్లే పెంచాలి, పరాయి చేతిలో పెట్టడం మన సంప్రదాయం కాదు అనే పెద్దలున్నారు. ఆ మాట అనేవారి ఇళ్లలో ఆడవారు మిరప చేలోకి పోనక్కర లేదు. పూర్వం ఒక వాకిట్లో నలుగురు కోడళ్లు వుండేవారు. ఒకరు పనికి పోతే ఒకరు చూసేవారు. బిడ్డ ఎప్పుడూ నలుగురి చేతుల్లోనే పెరిగింది. ఉమ్మడి ఇల్లు విడిపోయింది గనుక ఆ నలుగురి చేతులను ఊరు ఏర్పాటు చేయాలంటున్నాం. సంప్రదాయం అంటే అదే.

అంగన్‌వాడీకి ఎవరు పంపుతున్నారు, అందరూ కాన్వెంటు వ్యాను ఎక్కిస్తున్నారు గదా అనేవారూ వున్నారు. నిజమే. కానీ అప్పు చేసి మూడేళ్ల పిల్లవాణ్ణి ఎల్‌కేజీలో వేసేది ఒక్క ఇంగ్లీషు కోసమే కాదు. వ్యాను పొద్దున్నే ఇంటి ముందుకు వస్తుంది, సాయంత్రం దింపుతుంది. తల్లి నిశ్చింతగా పనికి పోవచ్చు. ఆ నిశ్చింత అంగన్‌వాడీ ఇస్తే చాలామంది ఇక్కడే వుంటారు. పైగా కాన్వెంటులో వేడి అన్నం పెట్టరు, గుడ్డు పెట్టరు, తూకం వేయరు, టీకా గుర్తు చేయరు.

కేంద్రం ఎక్కడ వుందన్నది కూడా చూడాలి. పై బజారులో పెడితే పాలెం పిల్లలు వెనకాడతారు. పాలెంలో పెడితే పై బజారువారు పంపరు. తండా ఊరికి మైలు దూరంలో వుంటే పసిబిడ్డను ఎవరు మోసుకు వస్తారు? ఒకే చాప మీద అందరి పిల్లలూ కూర్చుని, ఒకే చేతి వంట తినడం కంటే పెద్ద చదువు ఆ వయసులో మరొకటి లేదు. ఆ చదువుకు అడ్డం పడేది పెద్దలే గాని పిల్లలు కారు.

వలస వచ్చిన బిడ్డలు

కోతల కాలంలో కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే ఈ జిల్లాకు వస్తాయి. చేల పక్కన, కల్లాల పక్కన పరదాలు కట్టుకుని నెలల తరబడి వుంటాయి. వారి పిల్లల పేరు సొంత ఊరి అంగన్‌వాడీ పుస్తకంలో వుంటుంది. పిల్లవాడు ఇక్కడ కల్లం దుమ్ములో వుంటాడు. అక్కడ గైరుహాజరు, ఇక్కడ లెక్కలో లేడు. ఆరేళ్లలోపు పిల్లవాడు ఏ ఊళ్లో వుంటే ఆ ఊరి పిల్లవాడే. కోతలు ముగిసేదాకా పెద్ద గుడారాల దగ్గర తాత్కాలిక పిల్లల ఇల్లు పెట్టాలి. వారి చేత కాయ కోయించుకునే ఊరికి ఆ పాటి బాధ్యత వుంది.

ఊరు ఏం చేయవచ్చు

అన్నీ పైనుంచి రావాలని కూర్చుంటే ఏదీ రాదు. 2002 సవరణ తరువాత రాజ్యాంగం 45వ అధికరణం, ఆరేళ్లలోపు పిల్లలందరికీ సంరక్షణ, చదువు అందించడానికి ప్రభుత్వం కృషి చేయాలని చెబుతోంది. స్త్రీ, శిశు అభివృద్ధి పంచాయతీల జాబితాలో వున్న అంశం. అంటే గ్రామసభకు ఈ విషయం మాట్లాడే హక్కు పూర్తిగా వుంది.

2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు చాలా ఊళ్లకు తెలియదు. అంగన్‌వాడీ లేని పల్లెలో, కాలనీలో ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది వుంటే, వారు కోరిన మూడు నెలల్లో కేంద్రం పెట్టాలన్నది ఆ ఉత్తర్వు. కేంద్రం లేని తండాలు, కాలనీలు పిల్లల పేర్లు రాసి అర్జీ పెట్టుకోవాలి.

కేంద్రం వున్న ఊళ్లు మొదట ఒక జాబితా తయారు చేసుకోవాలి. కూలికి పోయే తల్లులెందరు, వారి పసిబిడ్డలెందరు, ముఠా ఎన్ని గంటలకు బయలుదేరుతుంది, ఎన్ని గంటలకు వస్తుంది. పొదుపు సంఘాల ఆడవారికి ఒక్క సమావేశం చాలు ఈ జాబితా రాయడానికి. దాన్ని గ్రామసభలో చదివి, పనివేళలకు తగ్గట్టు పిల్లల ఇల్లు కావాలని, అందుకు అదనంగా మనిషిని మంజూరు చేయాలని తీర్మానం రాసి, సూపర్‌వైజరు చేతికి, సీడీపీఓ ఆఫీసుకు, కలెక్టరుగారి అర్జీల దినానికి పంపాలి. సంతకాలు, వేలిముద్రలు ఎన్ని వుంటే అంత బలం.

అంతదాకా సర్పంచులు, రైతులు కలిసి ఒక్క కోతల కాలానికైనా ప్రయత్నం చేసి చూడవచ్చు. ఖాళీగా వున్న ఒక గది, రెండు చాపలు, నాలుగు ఉయ్యాలలు, గుమ్మానికి అడ్డ తలుపు, తాగే నీళ్లు, పిల్లలంటే ఇష్టమున్న ఇద్దరు ఆడవారు. ముఠా మేస్త్రులు తలా కొంత, రైతులు తలా కొంత వేసుకుంటే ఇద్దరి కూలి వస్తుంది. ఒక ఊళ్లో నడిస్తే పక్క ఊరు తనంతట తానే అడుగుతుంది. నాలుగు ఊళ్లు అడిగితే ప్రభుత్వం వినక తప్పదు.

జిల్లా అధికారులు చేయవలసిన పని కూడా పెద్దదేమీ కాదు. మిరప, పత్తి ఎక్కువగా వున్న మండలాలు ఏవో వ్యవసాయ శాఖ దగ్గర లెక్క వుంది. పసిబిడ్డలెందరో శిశు సంక్షేమ శాఖ దగ్గర లెక్క వుంది. ఆ రెండు పుస్తకాలూ ఒకే బల్ల మీద పెట్టి చూస్తే పిల్లల ఇళ్లు మొదట ఎక్కడ పెట్టాలో తేలిపోతుంది. వచ్చే కోతలు మొదలయ్యే లోపల, మండలానికి ఒక్క ఊళ్లోనైనా ఆ తలుపు పొద్దున ఆరున్నరకు తెరుచుకునేటట్టు చూడాలని కూలి తల్లులు కోరుతున్నారు. ఆ కోరిక గొంతెమ్మ కోరిక కాదు. తీర్చదగినదే.